పాలిమర్ ఎల్‌ఈడీల్లో చార్జ్ ప్రయాణం: మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు

ల్యాబ్‌లోకి కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు, అదే వరసలో వస్తున్నాయి. ప్రతిసారీ బోర్డు మీద అవే బొమ్మలు గీసీ గీసీ విసుగొచ్చి ఇలా ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, మొదటి నుంచీ చదవక్కర్లేదు.

## మొదట్లో వచ్చేవి

ప్లాస్టిక్ కరెంటును ఆపుతుంది కదా, మరి పాలిమర్‌లో చార్జ్ ఎలా నడుస్తోంది?

పాలిథిన్ లాంటి వాటిలో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో గట్టిగా ఇరుక్కుని ఉంటాయి, కదలవు. వెలుగునిచ్చే పాలిమర్లలో గొలుసు పొడవునా సింగిల్ బాండ్, డబుల్ బాండ్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అందువల్ల పై (π) ఎలక్ట్రాన్లు ఒక్క కార్బన్‌కే అంటిపెట్టుకోకుండా గొలుసులో కొంత మేర పరుచుకుని ఉంటాయి. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. 2000లో హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది కాబట్టి ఇవన్నీ లోహాల్లా కరెంటును మోస్తాయని అనుకుంటారు. ఆ నోబెల్‌కి దారితీసిన పాలిఎసిటలీన్‌ను డోపింగ్ చేశారు, అంటే చార్జ్ పుట్టించే పదార్థం కలిపారు, వెలుగు కోసం వాడే పాలిమర్‌ని మాత్రం డోపింగ్ చేయకుండానే వాడతాం. అంటే దానికి సొంత చార్జ్ దాదాపు ఏమీ ఉండదు. లోపల తిరిగే ప్రతి హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ, ప్లస్ చార్జ్‌లా కదులుతుంది), ప్రతి ఎలక్ట్రాన్ ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చి పడాల్సిందే. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే సగం సందేహాలు వాటంతటవే పోతాయి.

హోమో, లూమో అంటే సిలికాన్‌లో వేలెన్స్ బ్యాండ్, కండక్షన్ బ్యాండ్ లాంటివేనా?

హోమో అంటే ఎలక్ట్రాన్లతో నిండిన స్థాయిల్లో అన్నిటికన్నా పైది, లూమో అంటే ఖాళీ స్థాయిల్లో అన్నిటికన్నా కిందిది. బొమ్మ గీసేటప్పుడు అలాగే గీస్తాం, తప్పదు. కానీ అవి బ్యాండ్లు కావు. గొలుసు ఎక్కడో ఒకచోట మెలితిరుగుతుంది, ఎక్కడో లోపం ఉంటుంది, దాంతో ఒక్కో ముక్కకు ఒక్కో శక్తి స్థాయి ఏర్పడుతుంది. పుస్తకంలో హోమో 5.2 ఎలక్ట్రాన్‌వోల్ట్ అని చూశారంటే అది సగటు మాత్రమే. దాని చుట్టూ సుమారు 0.1 ఎలక్ట్రాన్‌వోల్ట్ వెడల్పున గాసియన్ (గంట) ఆకారంలో స్థాయిలు చెల్లాచెదురుగా ఉంటాయి. గీసిన గీత సన్నగా ఉన్నా, అక్కడున్నది నిజానికి గతుకుల రోడ్డు.

దీన్ని మొదట ఎవరు చేశారు?

1990లో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ల్యాబ్‌లో బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ బృందం పీపీవీ (పాలీ ఫినిలీన్ వినిలీన్) అనే పాలిమర్‌తో చేసి చూపించింది. అంతకు ముందే, 1987లో, కొడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ చిన్న అణువులతో రెండు పొరల డివైస్ చేశారు. పాలిమర్ సంగతి వేరే. దాన్ని ద్రావణంగా చేసి పూత పూయొచ్చు.

ఫిల్మ్ 100 నానోమీటర్లే ఎందుకు? కొంచెం మందంగా వేస్తే షార్టులైనా తగ్గుతాయి కదా?

షార్టులు తగ్గేది నిజమే. కానీ వోల్టేజ్‌తో తడిసి మోపెడవుతుంది. ఎలక్ట్రోడ్లు చార్జ్‌ని ధారాళంగా అందిస్తున్నప్పుడు ఈ పొరలో కరెంటు వోల్టేజ్ వర్గానికి అనులోమంగా, మందం ఘనానికి విలోమంగా ఉంటుంది. మందం రెండింతలైతే అదే వోల్టేజ్ దగ్గర కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఒక లెక్క చూడండి: మొబిలిటీ (ఫీల్డ్ కింద చార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత) 5×10⁻⁷ సెం.మీ²/వో.సె, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3, మందం 100 నానోమీటర్లు, పొర మీద నికరంగా 2 వోల్టులు. కరెంటు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.6 మిల్లీఆంపియర్ వస్తుంది. అదే 200 నానోమీటర్లయితే 0.08 కూడా రాదు. మరీ పల్చగా, అంటే 50 నానోమీటర్ల దిగువకు వెళితే కింది పొర మీద ఉన్న ప్రతి మొటిమా షార్టు అయి కూర్చుంటుంది, పైగా వెలుగు పుట్టే చోటు లోహానికి మరీ దగ్గరవుతుంది. అందుకే అందరూ 80 నుంచి 100 మధ్యకే చేరుతున్నారు.

## ఎలక్ట్రోడ్ల దగ్గర

ఐటీఓ మీద నేరుగా పాలిమర్ వేస్తే ఏం? పెడాట్-పీఎస్ఎస్ తప్పనిసరా?

ఐటీఓ అంటే గాజు మీద ఉండే పారదర్శకమైన ఇండియం టిన్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్, పెడాట్-పీఎస్ఎస్ దాని మీద పూసే, కరెంటు మోసే పాలిమర్ పూత. నేరుగా వేసినా పనిచేస్తుంది, తొలి రోజుల్లో అలాగే చేశారు. కానీ ఐటీఓ వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావలసిన శక్తి) 4.7 ఎలక్ట్రాన్‌వోల్ట్ దగ్గర ఉంటుంది, శుభ్రం చేసే పద్ధతిని బట్టి అటూ ఇటూ అవుతుంది కూడా. పెడాట్-పీఎస్ఎస్ సుమారు 5.1 దగ్గర నిలకడగా ఉంటుంది కాబట్టి పీపీవీ రకం పాలిమర్లలోకి హోల్స్ దాదాపు అడ్డు లేకుండా దిగుతాయి. రెండో లాభం, ఐటీఓ మీది గరుకుదనాన్ని అది కప్పేస్తుంది. నన్నడిగితే లీకేజీ తగ్గడానికి అసలు కారణం ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. అది ఆమ్ల స్వభావం కలది, కాలం గడిచేకొద్దీ ఐటీఓని తింటుంది. నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి వేశాక బాగా కాల్చి ఆరబెట్టాలి. ఇంకోటి, కండక్టివిటీ ఎక్కువున్న రకం కొని "ఇది ఇంకా మంచిది కదా" అని వాడేవాళ్లను చూశాను. ఎల్‌ఈడీకి కావలసింది తక్కువ కండక్టివిటీ రకమే. లేకపోతే కరెంటు ఆ పొరలోనే అడ్డంగా పాకి పక్క పిక్సెల్‌కి వెళ్తుంది, మీరనుకున్న వైశాల్యానికి, అసలు వెలిగే వైశాల్యానికి పొంతన ఉండదు.

కాథోడ్‌కి కాల్షియం, బేరియం అంటూ గాలి తగిలితే పాడయ్యే లోహాలే ఎందుకు? అల్యూమినియం ఒక్కటే వేస్తే సరిపోదా?

పీపీవీ రకానికి చెందిన ఎంఈహెచ్-పీపీవీ లూమో 2.9 ఎలక్ట్రాన్‌వోల్ట్ చుట్టుపక్కల ఉంటుంది. కాల్షియం వర్క్ ఫంక్షన్ 2.9, బేరియం 2.7, కాబట్టి ఎలక్ట్రాన్లు నేరుగా లోపలికి దిగుతాయి. అల్యూమినియం 4.2 దగ్గర ఉంటుంది, అంటే ఎలక్ట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌వోల్ట్ కన్నా ఎత్తైన గోడ దూకాలి. గది ఉష్ణోగ్రత దగ్గర దాని చేతిలో ఉన్న ఉష్ణశక్తి 0.025 ఎలక్ట్రాన్‌వోల్ట్ మాత్రమే, ఇక ఏం దూకుతుంది? అల్యూమినియం ఒక్కటే వేస్తే కరెంటు కనిపిస్తుంది, కానీ అదంతా హోల్స్ కరెంటే. వెలుగు మాత్రం మిణుకుమిణుకు. కాల్షియం పల్చగా వేసి పైన అల్యూమినియం కప్పడం అందుకే. అల్యూమినియం అక్కడ మూత మాత్రమే.

అడ్డుగోడ ఎంత లోపు ఉంటే ఓమిక్ అనొచ్చు?

స్థూలంగా 0.3 ఎలక్ట్రాన్‌వోల్ట్ లోపు. అంతకు లోపల ఉంటే ఎలక్ట్రోడ్ ఇవ్వగలిగే చార్జ్, పొర మోయగలిగే దానికన్నా ఎక్కువే ఉంటుంది, కాబట్టి కరెంటును నిర్ణయించేది పాలిమరే అవుతుంది. దాటితే ఎలక్ట్రోడ్ నిర్ణయిస్తుంది. ఒక హెచ్చరిక: ఆ 0.3 అనేది రెండు డేటాషీట్లలోని సంఖ్యల తేడా చూసి చెప్పేది కాదు, అసలు తలం దగ్గర లోహమూ పాలిమరూ తాకినప్పుడు డైపోల్స్ పుట్టి ఆ తేడాను మార్చేస్తాయి. నీలం పాలిఫ్లోరీన్ లాంటి వాటికి హోమో 5.8 దగ్గర ఉంటుంది కనుక పెడాట్ నుంచి హోల్స్‌కి గట్టి అడ్డే ఉంటుంది. అక్కడ పీపీవీ అలవాటుతో ఆలోచిస్తే కుదరదు.

2 వోల్టుల దాకా కరెంటే లేదు. డివైస్ చచ్చిపోయిందా?

లేదు, బాగున్నట్టే లెక్క. రెండు ఎలక్ట్రోడ్ల వర్క్ ఫంక్షన్లకు తేడా ఉంటుంది కదా, ఆ తేడా మేరకు బయట ఏమీ ఇవ్వకముందే లోపల ఎదురు ఫీల్డ్ ఒకటి ఉంటుంది. పెడాట్ 5.1, కాల్షియం 2.9 అనుకుంటే సుమారు 2.2 వోల్టులు. దాన్ని రద్దు చేశాకే చార్జ్ ముందుకు తోయబడుతుంది, అప్పటిదాకా వ్యాపనంతో వెళ్లే కొద్దిపాటి కరెంటే. నిజానికి భయపడాల్సింది 1 వోల్ట్ దగ్గరే కరెంటు సరళరేఖలో పెరుగుతూ, మైనస్ వైపు కూడా అంతే కనిపిస్తే. అది లీకేజీ.

## ఫిల్మ్ లోపల

హాపింగ్ హాపింగ్ అంటారు, అసలు ఏం గెంతుతోంది?

ఎలక్ట్రానో హోలో ఒక గొలుసు ముక్క మీద కూర్చుంటే ఆ ముక్క కూడా దానికి తగ్గట్టు కొంచెం వంగి సర్దుకుంటుంది. చార్జ్, ఆ వంపు కలిపి పోలరాన్ అంటారు. అది ఒకటి రెండు నానోమీటర్ల దూరంలో ఉన్న పక్క ముక్కకు గెంతుతుంది. కిందికైతే సులువు, పైకైతే వేడి నుంచి శక్తి అరువు తెచ్చుకోవాలి. కాబట్టి సిలికాన్‌కి పూర్తిగా రివర్స్: అక్కడ వేడెక్కితే మొబిలిటీ తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది.

ఇందులో స్థాయిల వెడల్పు ఎంత ముఖ్యమో చాలామంది పట్టించుకోరు. బెస్లర్ గాసియన్ మోడల్ ప్రకారం చార్జ్ నిలదొక్కుకునే చోటు సగటు స్థాయి దగ్గర కాదు, వెడల్పు వర్గాన్ని ఉష్ణశక్తితో భాగిస్తే వచ్చేంత లోతున. వెడల్పు 0.1 అయితే 0.01ని 0.025తో భాగించండి, 0.4 ఎలక్ట్రాన్‌వోల్ట్ లోతు. అక్కడి నుంచి ఎక్కి రావాలి పాపం. వెడల్పు 0.10 నుంచి 0.12 అయిందనుకోండి, కాగితం మీద ఆ మార్పు కంటికి ఆనదు, కానీ అదే మోడల్‌లో మొబిలిటీ 20 రెట్లకు పైగా పడిపోతుంది.

ఒకే పాలిమర్‌కి ఒక్కో పేపర్‌లో ఒక్కో మొబిలిటీ ఉంది. ఏది నమ్మాలి?

ఏ పరిస్థితిలో కొలిచారో చూడకుండా ఏదీ నమ్మొద్దు. ఇక్కడ మొబిలిటీ స్థిరాంకం కాదు. ఫీల్డ్ పెరిగితే పెరుగుతుంది (ఫీల్డ్ వర్గమూలంతో ఎక్స్‌పొనెన్షియల్‌గా), ఉష్ణోగ్రత పెరిగితే పెరుగుతుంది, చార్జ్ సాంద్రత పెరిగినా పెరుగుతుంది. 100 నానోమీటర్ల పొర మీద 5 వోల్టులంటే సెంటీమీటరుకు 5 లక్షల వోల్టుల ఫీల్డ్. ఆ ఫీల్డ్ దగ్గర వచ్చే విలువా, సున్నా ఫీల్డ్‌కి లాగిన విలువా ఒకటెలా అవుతాయి? పీపీవీ రకాల్లో హోల్స్‌కి తక్కువ ఫీల్డ్ దగ్గర 10⁻⁷ నుంచి 10⁻⁶ సెం.మీ²/వో.సె పరిధిలో వస్తే ఆశ్చర్యపోకండి. స్వచ్ఛమైన సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌కి ఇది 1400 దాకా ఉంటుంది. పోలిక పెట్టడమే అన్యాయం అనుకోండి. కానీ ఇక్కడ దాటాల్సింది 100 నానోమీటర్లే: 5×10⁻⁷ మొబిలిటీ ఉన్న హోల్ 5 వోల్టుల కింద ఆ దూరాన్ని 40 మైక్రోసెకన్లలో దాటేస్తుంది. వెలుగుకి ఆ వేగం చాలు.

అదే పాలిమర్‌తో ట్రాన్సిస్టర్ చేస్తే మొబిలిటీ వెయ్యి రెట్లు ఎక్కువొచ్చింది. ఎల్‌ఈడీలో ఏదో తప్పు చేశానా?

తప్పేమీ లేదు. ట్రాన్సిస్టర్‌లో చార్జ్ అంతా గేటు పక్కన ఒకటి రెండు నానోమీటర్ల పొరలో కిక్కిరిసి ఉంటుంది. అడుగున ఉన్న లోతైన స్థాయిలన్నీ ముందు వచ్చినవాటితో నిండిపోయి, తర్వాత వచ్చేవి పై స్థాయిల్లో హాయిగా గెంతుతాయి. ఎల్‌ఈడీలో సాంద్రత దానికన్నా వందల, వేల రెట్లు తక్కువ కనుక ప్రతి చార్జూ గుంతల్లో పడుతూ లేస్తూ పోవాలి. 2003లో పీపీవీ రకం పాలిమర్ల మీద రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టి, తేడా అంతా సాంద్రత వల్లనే అని చూపించారు. రెండు సంఖ్యలూ నిజమే. ఎల్‌ఈడీ లెక్కల్లో మాత్రం ట్రాన్సిస్టర్ విలువ పెట్టకండి.

హోల్స్ బాగానే పోతున్నాయి, ఎలక్ట్రాన్లకే ఎందుకు ఇంత కష్టం?

ఈ ప్రశ్న ఎక్కువసార్లు వస్తుంది, జవాబూ కాస్త పొడుగే.

చాలాకాలం "ఈ పాలిమర్లలో ఎలక్ట్రాన్ మొబిలిటీయే తక్కువ" అని సరిపెట్టుకున్నారు. కాదు. స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్ దాదాపు హోల్ అంత వేగంగానూ గెంతగలదు. అసలు చిక్కు ట్రాప్‌లు, అంటే చార్జ్ పడి ఇరుక్కుపోయే లోతైన గుంతలు. 2012లో రకరకాల పాలిమర్లని ఒకే పద్ధతిలో పోల్చి చూస్తే, రసాయన నిర్మాణం ఏదైనా సరే, శూన్యస్థాయి (ఎలక్ట్రాన్ పదార్థం నుంచి పూర్తిగా బయటపడే స్థాయి) నుంచి సుమారు 3.6 ఎలక్ట్రాన్‌వోల్ట్ లోతున ఒకే రకం ట్రాప్ కనిపించింది. సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 3×10¹⁷. ఏ పాలిమర్ తీసుకున్నా ఒకటే చోట ఉందంటే అది పాలిమర్ సొంత లోపం కాదు, బయటి నుంచి వచ్చిందే అయ్యుండాలి. నీళ్లు, ఆక్సిజన్ కలిసిన సమూహాల మీద అనుమానం పడింది.

3×10¹⁷ అంటే గొలుసు ముక్కలతో పోలిస్తే వెయ్యికి ఒకటి లెక్కన, అంత కూడా ఉండకపోవచ్చు. అంత తక్కువైతే ఏం నష్టం అని అడుగుతారు. ఇంకో లెక్క వేయండి. 100 నానోమీటర్ల పొర మీద 2 వోల్టులు పెడితే, కెపాసిటర్ లెక్కన ఆ పొర పట్టి ఉంచగల చార్జ్ ఘన సెంటీమీటరుకు సుమారు 3×10¹⁶ మాత్రమే. అంటే గుంతలు పదింతలు, పడేవాళ్లు ఒక వంతు. వచ్చిన ఎలక్ట్రాన్లలో దాదాపు అన్నీ గుంతల్లోనే కూర్చుంటాయి, నడిచేవి వేళ్లమీద లెక్కపెట్టేన్నే. ఎంఈహెచ్-పీపీవీ లూమో 2.9 దగ్గర కనుక గుంత లోతు 0.7 ఎలక్ట్రాన్‌వోల్ట్, పడ్డాక పైకి రావడమనేది మర్చిపోండి. లూమోనే 3.6 కన్నా లోతున్న పాలిమర్లలో ఈ గుంత గుంతే కాదు, వాటిలో ఎలక్ట్రాన్లు హాయిగా పోతాయి.

దీనికో తమాషా విరుగుడు 2016లో వచ్చింది. వెలుగిచ్చే పాలిమర్‌లోకి పెద్ద బ్యాండ్‌గ్యాప్ (హోమో, లూమోల మధ్య తేడా) ఉన్న, కరెంటు మోయని పాలిమర్‌ని ఎక్కువ పాళ్లలో కలిపితే ట్రాప్‌లు పలుచబడి ఎలక్ట్రాన్ కరెంటు బాగుపడింది. మోసే ముక్కలు తగ్గిన పాళ్లలోనే ట్రాప్‌ల సంఖ్యా తగ్గుతుంది, కానీ పట్టుబడే చార్జ్ అంతకన్నా చాలా వేగంగా తగ్గుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

సాల్వెంట్ మార్చానంతే, కరెంటు మారిపోయింది. ఇలా అవుతుందా?

అవుతుంది. ఒక సాల్వెంట్‌లో గొలుసులు చాచుకుని ఉంటాయి, ఇంకోదానిలో ముడుచుకుని ఉండలు కడతాయి, ఫిల్మ్ ఆరినప్పుడు ఆ ఆకారం చాలావరకు అలాగే గడ్డకడుతుంది. గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా పేర్చుకుంటే గెంతడం సులువవుతుంది, కరెంటు పెరుగుతుంది. కానీ అదే పేర్పు వెలుగును చంపుతుంది, ఎక్సైటాన్లు (వెలుగివ్వాల్సిన ఎలక్ట్రాన్-హోల్ జతలు) గొలుసుల మధ్య చిక్కి వెలగకుండా ఆరిపోతాయి. రెండూ కావాలంటే కుదరదు. ఎనీల్ చేసినా (ఫిల్మ్‌ని కాసేపు వేడిలో ఉంచినా) ఇదే బేరం. స్పిన్ వేగం, గాఢత అలాగే ఉంచి సాల్వెంట్ ఒక్కటే మార్చినా మందం మారిపోతుందని కూడా గుర్తుంచుకోండి, ముందు మందం కొలవండి, సిద్ధాంతాలు తర్వాత.

## హోల్, ఎలక్ట్రాన్ కలిసే చోట

అంత పెద్ద పొరలో హోల్, ఎలక్ట్రాన్ ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి?

ప్లస్, మైనస్ ఆకర్షణ వల్ల. సిలికాన్‌లో డైఎలెక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 12, అది ఆ ఆకర్షణను కప్పేస్తుంది. పాలిమర్‌లో 3 మాత్రమే, కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర 18, 19 నానోమీటర్ల దూరం నుంచే ఆకర్షణ ఉష్ణశక్తిని మించుతుంది. గెంతు ఒకటి రెండు నానోమీటర్లు, పట్టుకునే వల 18 నానోమీటర్లు. ఆ వలలో పడ్డాక తప్పించుకోవడం అరుదు. దీన్నే లాంజెవాన్ రీకాంబినేషన్ అంటాం, దాని వేగం రెండు మొబిలిటీల మొత్తం మీద ఆధారపడుతుంది. అంటే చార్జ్ ఎంత చురుగ్గా కదిలితే అంత త్వరగా జత దొరుకుతుంది. మొబిలిటీ పెంచితే చార్జ్ కలవకుండా అవతలికి దాటిపోతుందేమో అనే టెన్షన్ అక్కర్లేదు, రెండూ సమానంగా పెరిగినంత వరకు.

వెలుగు కాథోడ్ పక్కనే పుడుతోందంటారు. పుడితే ఏంటి నష్టం?

ఎలక్ట్రాన్లు ట్రాపుల్లో పడి దూరం పోలేవు, హోల్స్ పొరంతా దాటి వస్తాయి, అందువల్ల పీపీవీ రకం డివైస్‌లలో కలయిక ఎక్కువగా కాథోడ్ వైపు జరుగుతుంది. నష్టమేంటంటే, లోహానికి 10, 20 నానోమీటర్ల లోపు పుట్టిన ఎక్సైటాన్ తన శక్తిని లోహానికి ధారపోసి చీకట్లోనే చచ్చిపోతుంది. కాథోడ్‌కీ వెలుగు పొరకీ మధ్య ఎలక్ట్రాన్లను మోసి హోల్స్‌ను ఆపే పల్చటి పొర పెడితే మంచి ఫలితం ఉంటుంది, కింది పొరను కరిగించని సాల్వెంట్ దొరకాలి అంతే. అక్కడే చాలామంది ఆగిపోతారు.

కరెంటు దండిగా ఉంది, వెలుగు లేదు. పాలిమర్ పాడైందా?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ముందు పాలిమర్‌ని తిట్టకండి. మైనస్ వోల్టేజ్ వైపు కరెంటు చూడండి. అక్కడ కూడా దండిగా ఉంటే అది లీకేజీ, దుమ్ము రేణువో, గీతో, అంచు దగ్గర పొర తెగడమో. మైనస్ వైపు శుభ్రంగా ఉండి ప్లస్ వైపే కరెంటు ఎక్కువుంటే అది అసమతుల్యం, ఎక్కువగా హోల్స్ మాత్రమే ప్రవహిస్తున్నాయని అర్థం. ఒక కాథోడ్ వేసేటప్పుడు మా చాంబర్ వ్యాక్యూమ్ సరిగా లేక కాల్షియం వేస్తుండగానే ఆక్సైడ్ అయింది. కరెంటు పెద్దగా తగ్గలేదు, వెలుగు మాత్రం వందో వంతైంది. వారం పాటు పాలిమర్‌నే మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తూ కూర్చున్నాను.

25 శాతం పరిమితి అంటే?

విడివిడిగా వచ్చిన చార్జులు కలిసినప్పుడు స్పిన్ లెక్కన నాలుగింటిలో ఒకటే సింగ్లెట్, మూడు ట్రిప్లెట్ (ఇవి ఎక్సైటాన్‌లో స్పిన్ల అమరికను బట్టి రకాలు). ఫ్లోరోసెంట్ పాలిమర్‌లో వెలిగేది సింగ్లెటే. అలా వచ్చిన వెలుగులో ఐదో వంతే గాజు దాటి బయటికి వస్తుంది. కాబట్టి సాదా లెక్కన వంద ఎలక్ట్రాన్లకు ఐదు ఫోటాన్లు. ట్రిప్లెట్లు రెండేసి కలిసి కొన్ని సింగ్లెట్లు పుట్టడం లాంటివి దీన్ని కాస్త పైకి లాగుతాయి.

వోల్టేజ్ పెంచుతుంటే సామర్థ్యం ముందు పెరిగి, తర్వాత పడిపోతోంది. ఎందుకలా?

పెరిగేటప్పుడూ పడిపోయేటప్పుడూ కారణాలు వేర్వేరు. తక్కువ వోల్టేజ్ దగ్గర గుంతలో కూర్చున్న ఎలక్ట్రాన్ దగ్గరికి స్వేచ్ఛగా ఉన్న హోల్ వచ్చి కలుస్తుంది, ఆ కలయిక వెలుగివ్వదు. వోల్టేజ్ పెరిగితే గుంతలు నిండుతాయి, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల వాటా పెరిగి వెలుగిచ్చే కలయికలు పైచేయి అవుతాయి. ఎక్కువ వోల్టేజ్ దగ్గర సాంద్రతలు పెరిగి ఎక్సైటాన్లు పోలరాన్లతోనూ, ఒకదానితో ఒకటీ ఢీకొని ఆరిపోతాయి. వేడి కూడా తోడవుతుంది.

## కొలిచేటప్పుడు

హోల్స్ కరెంటునే విడిగా ఎలా కొలవాలి?

ఎలక్ట్రాన్లు రాలేని కాథోడ్ వేయండి. పెడాట్, పాలిమర్, పైన బంగారం లేదా మాలిబ్డినం ఆక్సైడ్ మీద ఏదైనా లోహం. వెలుగు అస్సలు రాకూడదు, వచ్చిందంటే అది హోల్స్ మాత్రమే నడిచే డివైస్ కాదు. ఎలక్ట్రాన్లకైతే కింద అల్యూమినియం, పైన కాల్షియం లేదా బేరియం. ఈ రెండో రకం చేయడం కష్టం, అల్యూమినియం మీద క్షణాల్లో ఆక్సైడ్ పడుతుంది, రీడింగులు మొండికేస్తాయి. అయినా ఈ రెండూ చేయకుండా పూర్తి డివైస్ ఒక్కదాని గ్రాఫ్ చూసి "ఎలక్ట్రాన్ మొబిలిటీ ఇంత" అని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

లాగ్-లాగ్ గ్రాఫ్‌లో స్లోప్ 2 వచ్చింది. ఎస్‌సీఎల్‌సీ అని రాసేయొచ్చా?

ఆగండి. ఎస్‌సీఎల్‌సీ అంటే పొరలో పేరుకున్న చార్జే హద్దు పెట్టే కరెంటు. ముందు బిల్ట్-ఇన్ వోల్టేజ్ (ఎలక్ట్రోడ్ల వర్క్ ఫంక్షన్ల తేడా వల్ల లోపల ముందే ఉండేది) తీసేశారా? తీసేయకపోతే అసలు స్లోప్ 2 ఉన్నదే మీకు 5, 6 లాగా కనిపించి, లేని ట్రాపులు కనిపిస్తాయి. ఎక్కువ తీసేస్తే రివర్స్. తర్వాత, సిరీస్ రెసిస్టెన్స్ తీసేశారా? ఐటీఓ పట్టీ 30 ఓములుంటే 10 మిల్లీఆంపియర్ల దగ్గర 0.3 వోల్ట్ అక్కడే పోతుంది, స్లోప్ వంగి 2 వైపు, 1 వైపు వచ్చేస్తుంది.

ఇవి చూశాక కూడా స్లోప్ ఒక్కటే సాక్ష్యం కాదు. కనీసం మూడు మందాలు చేయండి. కరెంటు మందం ఘనానికి విలోమంగా ఉంటేనే అది స్పేస్ చార్జ్ పరిమితి. కరెంటు ఫీల్డ్‌ని మాత్రమే పట్టుకుని మారుతుంటే అది ఎలక్ట్రోడ్ అడ్డు. స్లోప్ 2 కన్నా ఎక్కువుంటే ఫీల్డ్‌తో మొబిలిటీ పెరగడం కావచ్చు, ట్రాప్‌లు కావచ్చు. ఈ రెండింటినీ విడదీయాలంటే ఉష్ణోగ్రత మారుస్తూ కొలవక తప్పదు. నేను మొదట్లో ఒకే మందంతో, బిల్ట్-ఇన్ వోల్టేజ్ మర్చిపోయి ఫిట్ చేసి, నాలుగు రెట్ల తేడాతో వచ్చిన మొబిలిటీని పట్టుకుని నెల రోజులు మురిసిపోయాను.

టైమ్ ఆఫ్ ఫ్లైట్‌తో కొలిస్తే సరిపోదా?

లేజర్ పల్స్‌తో ఒక అంచున చార్జ్ పుట్టించి, అది పొర దాటడానికి పట్టే సమయం కొలవడం అది. మంచి పద్ధతే. కానీ దానికి మైక్రాన్లలో మందం కావాలి, లేకపోతే లేజర్ పల్స్ పుట్టించిన చార్జ్ పల్చటి పొరగా కాక అంతటా పరుచుకుంటుంది. మైక్రాన్ల మందం ఫిల్మ్‌లో గొలుసుల అమరిక, 100 నానోమీటర్ల ఫిల్మ్‌లో అమరిక ఒకటి కాదు.

మొదటి స్కాన్ ఒకలా, రెండో స్కాన్ ఒకలా వస్తోంది. ఏది రాయాలి?

రెండూ రాయండి. మొదటి స్కాన్‌లో గుంతలు నిండాయి, రెండోదానికి అవి ఖాళీ కాలేదు, అందుకే ఎలక్ట్రాన్ డివైస్‌లలో ఇది మరీ ఎక్కువ. కొన్ని నిమిషాలు చీకట్లో వదిలేసి మళ్లీ స్కాన్ చేయండి. మొదటి గ్రాఫ్ తిరిగొస్తే ట్రాప్‌లు, రాకపోతే ఏదో శాశ్వతంగా మారింది. మలినంగా అయాన్లు ఉన్నా ఇలాగే ఆడుతుంది. అన్నట్టు, అయాన్లని కావాలనే కలిపి చేసే డివైస్ కూడా ఉంది. 1995లో పేయ్ (Pei), హీగర్ బృందం చేసిన లైట్ ఎమిటింగ్ ఎలక్ట్రోకెమికల్ సెల్ అది, అందులో అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గరికి చేరి ఇంజెక్షన్ని సులువు చేస్తాయి కాబట్టి కాల్షియం లేకుండానే వెలుగుతుంది. మీది మాత్రం అది కాదు కదా.

## వాడుతూ ఉంటే

కరెంటు మార్చకుండా ఉంచితే వోల్టేజ్ మెల్లగా పెరుగుతూ, వెలుగు తగ్గుతూ పోతోంది. లోపల ఏం జరుగుతోంది?

కొత్త ట్రాప్‌లు పుడుతున్నాయి. కొత్త డివైస్‌లో హోల్స్‌కి దాదాపు అడ్డు లేదు. నడుస్తున్నకొద్దీ ఎక్సైటాన్లు, హోల్ పోలరాన్లు ఢీకొన్న చోట్ల హోల్స్‌ని పట్టే గుంతలు ఏర్పడతాయని పీపీవీ డివైస్‌ల మీద పనిచేసినవాళ్లు చూపించారు. అదే కరెంటు నడవాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, గుంతల్లో జరిగే కలయిక వెలుగివ్వదు కాబట్టి వెలుగూ తగ్గుతుంది. రెండు లక్షణాలూ కలిసి నడిస్తే కారణం పొర లోపలే ఉందనుకోవచ్చు. వోల్టేజ్ పెరగకుండా వెలుగు ఒక్కటే పడిపోతుంటే వేరే చోట వెతకండి.

నల్ల చుక్కలు వచ్చి రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. ఇది కూడా ట్రాప్‌లేనా?

కాదు, అది కాథోడ్ జబ్బు. అల్యూమినియంలోని సూదిమొన రంధ్రాల గుండా తేమ దూరి కాథోడ్‌ని ఆక్సైడ్ చేస్తుంది, లేదా పాలిమర్ నుంచి ఊడదీస్తుంది. అక్కడ ఎలక్ట్రాన్లు దిగవు, వెలుగు రాదు. చుక్క బయట మిగిలిన ప్రాంతం మామూలుగానే వెలుగుతుంటుంది. వాడకుండా పక్కన పెట్టినా చుక్కలు పెరుగుతాయి. గ్లవ్‌బాక్స్‌లో నీళ్లు, ఆక్సిజన్ 1 పీపీఎం లోపు ఉంచి, అక్కడే గాజు మూత అతికించి, లోపల తేమ పీల్చే గెటర్ పెట్టండి. కాథోడ్ వేసే ముందు ఫిల్మ్ మీద దుమ్ము లేకుండా చూసుకోండి, ఎందుకంటే చాలా రంధ్రాలు దుమ్ము రేణువు నీడలోనే పుడతాయి.